గెలుపు మందు

“ఇంటి గుట్టు లంకకు చేటు” అను సామెతను వినని తెలుగు స్త్రీ యుండదు. పుట్టింట నొకమాఱు, అత్తవారింట పదిమార్లు ఆ మాట మన చెవిని పడుచునే యుండును. ఇంటిలోని మాట వీధిని పడరాదు. భర్త తప్పు భార్య నోట రారాదు. బిడ్డ లోపమును తల్లి తన కొంగున దాచవలెను. ఈ నీతి యెంతవఱకు నీతియో, ఎచ్చట నది యవినీతిగా మాఱునో మేము కొంతకాలముగా ఆలోచించుచున్నాము. ఈ యాలోచనకు కారణము మన దేశపు సంసారము కాదు. ఐరోపాఖండమున జరుగు బైసికిలు పందెముల కథ.

స్త్రీల పత్రికలో బైసికిలు పందెముల ప్రసక్తి యేల యని సోదరీమణులు ఆశ్చర్యపడవచ్చును. మేము చెప్పబోవు పందెములలో పరుగెత్తినవారు పురుషులే. కాని గెలుపుకొఱకు వారు రహస్యముగా పుచ్చుకొన్న మందులనుగూర్చి మౌనము వహింపవలసి వచ్చినదియు, మౌనము విడిచి నిందలు మోయవలసి వచ్చినదియు వారి తల్లులకు, భార్యలకు, వారివెంట పనిచేసిన స్త్రీలకు. కావున ఈ కథ మనది కాకపోలేదు.

ఫ్రాన్సు దేశమును చుట్టివచ్చు మహాపందెమునకు టూర్ ద ఫ్రాన్స్ అని పేరు. అది 1903లో ఆరంభమై, రెండు మహాయుద్ధముల కాలమున తప్ప ఏటేట జరుగుచున్నది. మూడు వారములలో ఇంచుమించు 3,400 కిలోమీటర్లు తొక్కవలెను. ఆల్ప్సు, పిరెనీసు పర్వతముల నెక్కి దిగవలెను. అప్పటికి మొత్తముమీద ముందున్నవానికి ప్రతిదినము పసుపుపచ్చని చొక్కా తొడుగుదురు. మన యిండ్లలో పసుపు శుభమునకు గుర్తైనట్లు అచ్చట ఆ చొక్కా కీర్తికి గుర్తు.

ఇంతటి శ్రమను దేహము సహజముగా ఓర్వదు. ఓర్వలేని దానిచేత ఓర్పించుటకు మందులు తొలినాళ్లనుండియే ప్రవేశించినవి. 1924లో హెన్రీ పెలిసియే అను ప్రసిద్ధుడు తన తమ్మునితో కూడ పందెము నడుమనే మాని, కూటాన్సు పట్టణములో ఆల్బేర్ లోండ్రు అను విలేఖరికి తమ సంచులు విప్పి చూపెను. కన్నులకు కొకెయిను, చిగుళ్లకు క్లోరోఫారము, ఇవి గాక పలురకముల మాత్రలు అందులో నుండెను. అప్పటికి వానిని నిషేధించు శాసనము లేదు. ఫ్రాన్సు ప్రభుత్వము 1965లో శాసనము చేసెను. మఱుసటి యేట బోర్డో నగరమున వైద్యులు పరీక్షలకు రాగా పందెగాండ్రు కొంతదూరము సైకిళ్లు దిగి నడచి తమ నిరసన తెలిపిరి. దొంగతనము పట్టువడునను భయముకంటె, తమ పనిని పోలీసు పనిగా చూచిరను కోపమే వారికి హెచ్చుగా నుండెను కాబోలు. ఆ కోపమునకు సమాధానము మఱుసటి యేటనే వచ్చెను.

టామ్ సింప్సన్ ఇంగ్లాండులో బొగ్గుగని కార్మికుని కుమారుడు. 1962లో పసుపుచొక్కా ధరించిన మొదటి ఆంగ్లేయుడు. 1965లో ప్రపంచ విజేత. 1967 జూలై 13వ తేదీన వాంటూ పర్వతము నెక్కుచు, శిఖరము ఇంక ఒకటి రెండు కిలోమీటర్లున్నదనగా తూలి పడిపోయెను. మండుటెండ, అంతకుముందు కొన్ని దినములనుండి కడుపులో అస్వస్థత. లేవదీసి మరల సైకిలుమీద నెక్కింపగా కొంతదూరము పోయి మరల పడెను, ఇంక లేవలేదు. అతని జేబులో ఆంఫెటమిను మాత్రల గొట్టములు దొరకెను. దేహమున ఆ మందును మద్యమును ఉన్నట్లు పరీక్షలో తేలెను. అలసట యనునది దేహము మనకు చెప్పు మాట. ఆంఫెటమిను అలసటను పోగొట్టదు. ఆ మాట వినబడకుండ చేయును. పొయ్యిమీది పాలు పొంగుచున్నను వాసన తెలియనివాని వలె ఆ మనుష్యుడు తన ప్రాణము పొంగిపోవుట నెఱుగడు.

అతని వయస్సు 29 సంవత్సరములు. భార్య హెలెన్‌కు ఇద్దరు చిన్న ఆడపిల్లలు మిగిలిరి. పర్వతముమీద అతడు పడినచోట నొక స్మారకశిలను నిలిపినారు. దారిన పోవు సైకిలువారు నేటికిని అచ్చట నీళ్ల సీసాలు, టోపీలు ఉంచి పోవుదురు. ముప్పది సంవత్సరములకు, 1997లో, ఎదిగిన ఆ కుమార్తె లిరువురును అచ్చటనే తమ తండ్రిపేర నొక ఫలకము పెట్టించిరి. తండ్రిని ప్రేమించుటకు అతని జేబులోని గొట్టములు లేవని యనుకొననక్కఱలేదు. కాని అవి లేకుండిన ఆ పిల్లలకు శిల గాక తండ్రియే మిగిలి యుండునేమో.

తరువాతి తరమువారి మందు వేఱు. దాని పేరు ఎరిత్రోపోయిటిను, పొట్టిపేరు ఈపీఓ. ఈ మందును మేము పందెముల వార్తలవలన నెఱుగలేదు. మా వదినగారి వ్యాధివలన నెఱిగితిమి. ఆమెకు మూత్రపిండములు చెడి డయాలిసిస్ మీద నుండిన దినములలో, వైద్యులు వ్రాసియిచ్చిన సూదిమందును మంచుగడ్డల డబ్బాలో తెచ్చి మజ్జిగగిన్నె ప్రక్కన ఫ్రిజ్జులో పెట్టుకొనెడివారము. మూత్రపిండములు రక్తమును వడగట్టుటయే గాక, ఎముకల మూలుగకు ఎఱ్ఱ రక్తకణములను పుట్టింపుమని ఆజ్ఞ పంపు నొక రసమును కూడ తయారుచేయును. అవి చెడినప్పుడు ఆ యాజ్ఞ పోదు, రక్తము పలుచనగును, మనిషి మంచమునుండి లేవలేదు. ఆ రసమును కృత్రిమముగా చేసి సూదిద్వారా ఇచ్చుటకు అమెరికా ప్రభుత్వము 1989లో అనుమతించెను. కొన్ని వారములు ఆ మందు వాడినమీదట మా వదినగారు తులసికోటవఱకు తామే నడచి దీపము పెట్టుకొనిరి. ఉద్దానపు పల్లెలలో మూత్రపిండముల వ్యాధితో బాధపడు కుటుంబములవారికి ఈ మందు విలువ మేము చెప్పనక్కఱలేదు.

ఆ మందునే ఆరోగ్యవంతుడైన పందెగాడు పుచ్చుకొనిన నేమగును? రక్తకణములు ప్రాణవాయువును మోయు కూలివాండ్రు. కూలివాండ్రు పెరిగిన బరువు తేలిక యగునట్లు, కణములు పెరిగిన కండలకు ప్రాణవాయువు హెచ్చుగా నందును. పర్వతము పల్లమువలె తోచును. కాని చాఱు పప్పుగా చిక్కబడినట్లు రక్తము చిక్కబడును. చిక్కని రక్తమును త్రోయుటకు గుండె శ్రమపడవలెను. నాళములలో గడ్డకట్టినచో గుండెకో మెదడునకో ముప్పు. చాలకాలము దీనిని పట్టుకొను పరీక్షయే లేదు. అందుచేత పందెపు అధికారులు 1997లో రక్తమున ఎఱ్ఱకణముల పాలు నూటికి ఏబది మించరాదని నిబంధన పెట్టిరి. మందును నేరుగా పట్టుకొను పరీక్ష 2000వ సంవత్సరము ప్రాంతమున గాని రాలేదు. ఆ నడుమ ఏబదికి కొంచెము లోపల నిలుచునట్లు కొలత చూచుకొని మందు పుచ్చుకొనుట యనేకులకు విద్యయైనది. ప్రాణములను రక్షించు నిబంధన దొంగలకు కొలమానమైనది.

ఇటలీ దేశస్థుడగు మార్కో పంతాని 1998లో ఇటలీ పందెమును ఫ్రాన్సు పందెమును రెంటిని ఒకే యేట గెలిచెను. 1999 జూన్ 5వ తేదీ ఉదయమున, ఇటలీ పందెము రేపు ముగియుననగా, అందఱికంటె ముందున్న అతని రక్తమును పరీక్షింపగా ఆ పాలు 52 గా తేలెను. వెంటనే పందెమునుండి పంపివేసిరి. దేశమంతయు నెత్తిన పెట్టుకొన్నవాడు ఒక్క యుదయమున అనుమానితుడయ్యెను. తరువాత మనస్సు కుదుటపడలేదు, కొకెయినుకు లోబడెను. 2004 ఫిబ్రవరి 14వ తేదీన రిమినీ పట్టణమున హోటలుగదిలో ఒంటరిగా మరణించెను, వయస్సు 34. మరణకారణము కొకెయిను విషమని వైద్యులు తేల్చిరి. అతని తల్లి తోనీనా ఆ తీర్పును ఒప్పుకొనలేదు. ఆమె పట్టుదలవలన 2014లో ఆ మరణమునుగూర్చిన విచారణ మరల తెఱువబడెను. మార్పేమియు లేక మూయబడెను. 1998నాటి అతని నమూనాలను పిమ్మట పరీక్షింపగా ఈపీఓ కనబడినట్లు 2013లో ఫ్రాన్సు సెనేటు నివేదిక వెల్లడించెను. ఆ తల్లి వాదమున తర్కమెంతయో మేము విచారింపము. కాని బిడ్డ పోయినపిమ్మట, బిడ్డ పోవుటకు వేఱొక కారణము దొరకునేమోయని యేండ్లతరబడి వెదకు తల్లిని చూచి నవ్వగల స్త్రీ యెవ్వతె?

2002లో నొక విచిత్రము జరిగెను. లిథుయేనియా దేశపు రైమొందాస్ రుమ్షాస్ పారిసులో మూడవ స్థానము పొందిన దినముననే అతని భార్య ఎదీతాను ఆల్ప్సు ప్రాంతమున పోలీసులు నిర్బంధించిరి. ఆమె కారులో మందులు దొరకెను. అవి తన తల్లికొఱకని ఆమె చెప్పెను. రెండు నెలలకు మించి ఆమె చెఱలో నుండెను. 2006లో ఫ్రాన్సు న్యాయస్థానము ఇరువురకును అమలు నిలిపిన జైలుశిక్ష విధించెను. వేదికమీద చప్పట్లు భర్తకు, చెఱసాల భార్యకు. ఇంటి గుట్టును కాపాడుట యనగా నొక్కొకప్పుడు ఇట్టిది.

ఇక గుట్టును కాపాడని యిద్దరు స్త్రీల మాట. అమెరికావాడగు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1996లో క్యాన్సరు వ్యాధికి గుఱియై, బ్రతికి లేచి, 1999 మొదలు 2005 వఱకు ఏడు మార్లు వరుసగా ఫ్రాన్సు పందెమును గెలిచెను. క్యాన్సరు రోగులకు అతడు దేవుడైనంత పని యయ్యెను. ఎమ్మా ఓరైలీ అను ఐర్లండు యువతి అతని జట్టులో 1996 మొదలు 2000 వఱకు మర్దనము చేయు పనిలో నుండెను. ఆమె చెప్పిన దేమనగా: 1999లో నొకమాఱు ఆమె స్పెయినుకు కారులో పోయి మాత్రలు తెచ్చి అతని చేతికిచ్చెను, వైద్యపరీక్షకు ముందు చేతిమీది సూదిగాటు కమిలి కనబడుచుండగా, దానిని కప్పుటకు ముఖమునకు పూసికొను రంగు కావలెనని అతడడుగగా ఆమె తనది యిచ్చెను, ఆ పందెమున అతని నమూనాలో కార్టిసోను జాతి మందు కనబడగా, సైకిలు సీటు ఒరసిన పుండునకు పూతమందని వెనుకటి తేదీ వేసి వైద్యునిచేత చీటి వ్రాయించిరి. ముఖసౌందర్యమునకై మనము వాడు రంగు సూదిగాటును కప్పుటకు పనికివచ్చెనని చదివినప్పుడు మా చేయి కొంతసేపు పుట త్రిప్పలేదు.

ఆమె ఈ సంగతులను డేవిడ్ వాల్షు అను పత్రికారచయితకు చెప్పగా, 2004లో నవి ఫ్రెంచి గ్రంథమున వెలువడెను. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆమెపై దావా వేసెను. నోటరాని మాటలతో శీలమునుగూర్చి దూషించెను. ఆమెకు ధనము లేదు, పలుకుబడి లేదు. ఆవలివానికి రెండును గలవు.

రెండవ ఆమె బెట్సీ ఆండ్రూ. ఆర్మ్‌స్ట్రాంగ్ జట్టులోని ఫ్రాంకీ ఆండ్రూకు అప్పటికింకను నిశ్చితార్థమైన వధువు మాత్రమే. 1996 అక్టోబరులో ఇండియానాపోలిసు నగరపు వైద్యశాలలో స్నేహితుని చూడబోయినప్పుడు, వైద్యుల ప్రశ్నకు అతడు తాను వాడిన మందుల పేర్లు చెప్పగా తాను విన్నానని ఆమె తరువాత ప్రమాణముచేసి సాక్ష్యమిచ్చెను. ఆనాడు గది వెలుపలికి వచ్చి ఆమె తన వరునితో చెప్పిన మొదటిమాట: నీవును వానిని వాడుచుండినచో ఈ పెండ్లి జరుగదని. అతడు తాను వాడలేదనెను. ఆ సంవత్సరాంతమున పెండ్లి జరిగెను. కాని 1999 పందెమునకు ముందు అతడును ఈపీఓ వాడెను; 2006లో బహిరంగముగా ఒప్పుకొనెను. భర్త దోషమును ఆమె కప్పిపుచ్చలేదు; దోషియని విడువనులేదు. సాక్ష్యమిచ్చినందులకు పిచ్చిదని, ఈర్ష్యాళువని ఆర్మ్‌స్ట్రాంగ్ పక్షము ఆమెను ప్రచారము చేసెను. పందెముల లోకమున భర్తకు పనులు తప్పినవని ఆమె చెప్పినది. ముగ్గురు పిల్లల సంసారము; నిజము చెప్పుటవలన కంచములోని అన్నము తగ్గిన దినములు ఆమె యెఱుగును.

2012 అక్టోబరులో అమెరికా సంస్థ యొకటి ఇరువదియార్గురి సాక్ష్యములతో, వేయి పుటలకు మించిన ఆధారములతో నివేదిక వెలువరించెను. అదే నెల 22వ తేదీన ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు విజయములును రద్దయ్యెను. ఆ స్థానములను మఱి యెవ్వరికిని ఇయ్యలేదు. 2013 జనవరిలో ఓప్రా విన్‌ఫ్రీ ఎదుట అతడు తన దోషమును ఒప్పుకొనెను. ఆ సంభాషణలో ధనముపోయిన సంగతి చెప్పినప్పుడు అతని గొంతు వణకలేదు. పదుమూడేండ్ల కొడుకు బడిలో తండ్రిని వెనుకవేసికొని తోటివారితో వాదించుచున్నాడని తెలిసి, ఇకమీదట నన్ను సమర్థింపవలదని వానితో చెప్పవలసివచ్చిన సంగతి చెప్పునప్పుడు మాత్రము కన్నీరు ఆగలేదు. పందెగాడు కొన్ని యేండ్లు మోసిన అబద్ధమును, ఏమియు నెఱుగక, నిజమనుకొని మోసినవాడు ఆ పిల్లవాడు.

ఇప్పుడు సామెత కడకు వత్తము. లంకకు చేటు తెచ్చినది విభీషణుని నోరా, రావణుని చేతయా? విభీషణుడు గుట్టు విప్పకముందు నిండుసభలో అన్నగారికి హితము చెప్పెను, మండోదరియు చెప్పెను. ఇంటిలో చెప్పిన మాట చెల్లనప్పుడు గదా అతడు ఇల్లు విడిచెను! బెట్సీయు మొదట చెప్పినది తన కాబోవు భర్తకే. గుట్టునకు గౌరవము కలదు; పేదఱికమును, రోగమును, మనస్పర్థను ఇరుగుపొరుగు నోళ్లలో వేయకుండుట వివేకమే. కాని ఒకరి ప్రాణమును తీయునది, పదుగురను మోసగించునది గుట్టు కాదు; అది రోగము. రోగమును కొంగున దాచిన మానదు.

అయినను మౌనము వహించిన స్త్రీలను మేము నిందింపము. ఎమ్మాయు కొన్నియేండ్లు మౌనముగానే యుండెను. ఆ సంగతి తానే చెప్పినది. జీతము, భయము, స్నేహము, ఇల్లు ఇవియన్నియు నోటికి వేసిన తాళములే. 2013లో ఆర్మ్‌స్ట్రాంగ్ ఆమెను కలిసి క్షమాపణ కోరగా ఆమె క్షమించెను. మఱుసటి యేట ఆమె వ్రాసిన గ్రంథమునకు అతడే ముందుమాట వ్రాసెను. క్షమింపగల మనస్సు గలవారే నిజము చెప్పిరి గాని, పగతో చెప్పలేదని దీనివలన తెలియుచున్నది.

ఇది దూరదేశపు కథయని తేలికపడుటకు వీలులేదు. ప్రపంచ సంస్థ వెలువరించిన 2023 లెక్కలలో, హెచ్చుగా పరీక్షలు జరుపు దేశములలో దోషముగా తేలిన నమూనాల నిష్పత్తి మనదేశముననే అధికము. మన పిల్లలును నేడు పరుగుపందెములకు, కుస్తీకి, బరువులెత్తుటకు వసతిగృహములలో చేరి సాధన చేయుచున్నారు. ఇంటికి వచ్చిన బిడ్డ సంచి సర్దునప్పుడు తల్లి కంటబడిన డబ్బానుగూర్చి మూడు ప్రశ్నలు అడుగవచ్చును: దీని పేరేమి? ఏ రోగమునకు ఏ వైద్యుడు వ్రాసెను? దీనిని ఎవ్వరికిని చెప్పవద్దని నీతో ఎవరైన ననిరా?

మూడవ ప్రశ్నయే ముఖ్యము. మా వదినగారి సూదిమందు ఫ్రిజ్జులో అందఱకు కనబడుచు నుండెను. పిల్లలు కూడ దాని పేరు చెప్పగలిగెడివారు. ఆ మందునకే పందెగాండ్రు “ఎడ్గార్” అని మాఱుపేరు పెట్టుకొని మాటాడుకొనెడివారట. బిడ్డ మూడవ ప్రశ్నకు తల వంచుకొనినచో కోపపడవలదు. చప్పట్లకంటె, పతకముకంటె, ఉద్యోగముకంటె నీవే మాకు కావలెనని ముందు చెప్పి, అటుపిమ్మట డబ్బా తీసికొని వైద్యునికడకు బిడ్డతో కూడ పోవలెను. ఓడి ఇంటికి వచ్చిన బిడ్డకు అన్నము పెట్టుట మనకు చేతకాని పని కాదు గదా!